ఎందుకు చెప్పలేదమ్మా?

"ఎందుకు చెప్పలేదమ్మా పొద్దున్నే?"

2022 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, గుంటూరులో ఒక పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో కుర్ర డాక్టరొకతను మా అమ్మని అడిగిన ప్రశ్న ఇది. కోపంగా అడగలేదు. నిజానికి ఆ రోజు మొత్తం మీద అమ్మ ముఖంలోకి చూసి మాట్లాడిన మొదటి మనిషి అతనే. అయినా ఆ ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలడం లేదు.

అమ్మ ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. జవాబు చెప్పలేదు. పక్కన నిలబడ్డ నాన్న "దాని సంగతి మీకు తెలీదండీ, ఏదీ బయటికి చెప్పదు" అన్నాడు. డాక్టరు తలూపి కాగితం మీద రాసుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఆ కేస్ షీటు చూశాను. నొప్పి మొదలైంది ఉదయం 5 గంటలకి. ఆసుపత్రికి చేరింది సాయంత్రం 5.20కి. ఆలస్యానికి కారణం: పేషెంటు లక్షణాలని గుర్తించి చెప్పకపోవడం.

అమ్మ చెప్పింది. ఆ రోజు ఐదుగురికి చెప్పింది. ఆ ఐదుగురిలో నేనొకదాన్ని.

ఆ రోజు మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం. తెనాలి దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లోనే భోజనాలు. వంటవాళ్లని పెట్టారు గానీ గుత్తివంకాయా పులిహోరా అమ్మ చేతి మీదుగానే జరగాలి. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. ముప్ఫయ్యేళ్లుగా అలా జరిగిపోతోంది, అంతే. ఐదింటికి వాకిలి ఊడుస్తుంటే రొమ్ముల మధ్య రుబ్బురోలు పొత్రం పెట్టినంత బరువనిపించిందట. చీపురు గోడకి ఆనించి అరుగు మీద కూర్చుని నాన్నకి చెప్పింది. "రాత్రి మినపట్లు తిన్నావుగా, గ్యాసయ్యుంటుంది" అని ఆయనే ఈనో పొట్లం నీళ్లలో కలిపి తెచ్చిచ్చాడు. నాన్నని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన అమ్మకి గ్లాసుతో ఏదైనా తెచ్చిచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

ఏడుంబావుకి నాకు ఫోను చేసింది. "ఎడం చెయ్యి లాగుతోందే, దవడ కూడా అదోలా ఉంది" అంది. నేను విజయవాడలో ఉద్యోగం. ఆ రోజు స్పాట్ వాల్యుయేషన్, ఎనిమిదిన్నరకల్లా క్యాంపులో ఉండాలి. ఒకపక్క పిల్లాడికి బాక్సు సర్దుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "చెయ్యి కింద పెట్టుకుని పడుకునుంటావు, కాస్త జండూబామ్ రాసుకో" అన్నాను. డాక్టరేటు ఉన్నదాన్ని. స్త్రీల కథల్లో శరీరం గురించి నాలుగొందల పేజీల సిద్ధాంత వ్యాసం రాసినదాన్ని. ఆ నాలుగొందల పేజీల్లో దవడ లేదు.

ఎనిమిదిన్నరకి పిన్నితో అంది. "ఈ వయసులో మనకివి మామూలేగా అక్కా, నాకూ ఒళ్లంతా చెమటలే" అంది పిన్ని. పదింటికి అమ్మ చేతిలో గిన్నె జారిపడితే అప్పుడు ఊళ్లో ఆరెంపీ డాక్టరుకి కబురెళ్లింది. ఆయన బీపీ చూసి, గ్యాసుకొకటీ బలానికొకటీ సూదులేసి, కారం తగ్గించమని చెప్పి వెళ్లాడు. 108కి చేద్దామా అని ఎవరో అన్నారట. శుభకార్యం పూట ఇంటి ముందు అంబులెన్సేమిటని ఇంకెవరో అన్నారట. ఆ మధ్యాహ్నం మా ఇంటి ముందు తొమ్మిది కార్లు ఆగి ఉన్నాయి. రెండున్నరకి మగపెళ్లివారు కార్లెక్కాక అమ్మ వంటింటి గడప మీద వాంతి చేసుకుంది. అప్పుడు తెనాలి తీసుకెళ్లారు. అక్కడొక నర్సింగ్ హోమ్‌లో డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని "పెళ్లి హడావుడి కదా, ఆందోళన" అని నిద్రమాత్ర ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని ఈసీజీ కూడా రాశాడు. ఈసీజీ తీసే అబ్బాయి జాకెట్టు విప్పమన్నాడు. చుట్టూ మగవాళ్లు, తెర లేదు. అమ్మ విప్పనంది. ఆయా భోజనానికెళ్లింది, ఆమె వచ్చాక చూద్దామన్నారు. ఆయా నాలుగింటికి వచ్చింది.

నాన్న, నేను, పిన్ని, ఆరెంపీ, తెనాలి డాక్టరు. ఐదుగురం. మాలో ఎవరి పేరూ కేస్ షీటులో లేదు.

గుండెపోటు మీద వైద్యులు రాసే వ్యాసాలు అప్పటినుంచీ వెతుక్కుని చదువుతున్నాను. సాహిత్యం చదువుకున్నదానికి అది వేరే లోకం. అయితే మాటల్ని అనుమానించడం మాకు నేర్పిన విద్య. వాళ్లు కాలాన్ని మూడు ముక్కలు చేస్తారు. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకునేదాకా ఒకటి, ప్రయాణం రెండోది, ఆసుపత్రి గుమ్మం తొక్కాక జరిగేది మూడోది. మూడోదాని మీద బోలెడు శ్రద్ధ. గుమ్మం నుంచి సూదికి ఎంతసేపు, గుమ్మం నుంచి బెలూన్‌కి ఎంతసేపు అని గడియారం పెట్టి కొలుస్తారు. 90 నిమిషాల్లో మూసుకుపోయిన రక్తనాళం తెరవాలంటారు. మంచిదే. మొదటి ముక్కకి మాత్రం "పేషెంట్ డిలే" అని పేరు పెట్టి ఊరుకున్నారు. రోగి చేసిన ఆలస్యం. పేరులోనే నేరారోపణ, తీర్పు రెండూ అయిపోయాయి.

ఆ ముక్క చిన్నదేం కాదు. మన దేశంలో 50 నగరాల్లో 89 ఆసుపత్రుల నుంచి 20 వేల పైచిలుకు రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. నొప్పి మొదలయ్యాక రోగులు ఆసుపత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. చేరాక, గడ్డ కరిగించే మందు పడడానికి 50 నిమిషాలు. రక్తం అందని గుండె కండరం అరగంట గడిచేసరికే చచ్చిపోవడం మొదలవుతుంది. ఆరు గంటలు గడిస్తే చాలావరకు పోతుంది. అంటే సగంమంది గుండెలు గుమ్మం బయటే నష్టపోతుంటే మనం గుమ్మం లోపల గడియారాలు పెట్టుకున్నాం. అదే అధ్యయనంలో నెల తిరక్కుండా చనిపోయినవాళ్లు డబ్బున్నవారిలో 5.5 శాతమైతే పేదవారిలో 8.2 శాతం. రోగుల్లో నాలుగింట మూడొంతులకి పైగా పురుషులు. స్త్రీలకి మొదటి గుండెపోటు పురుషుల కంటే సగటున తొమ్మిదేళ్లు వెనకగా వస్తుందని 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చెప్పింది కాబట్టి ఈ తేడాలో కొంత జబ్బుదే. మిగతాది? 2016లో ఢిల్లీ ఎయిమ్స్ ఓపీ రికార్డులు లెక్కేసిన పరిశోధకులకి ఒక స్త్రీకి 1.69 మంది పురుషులు కనిపించారు. ఊరు దూరమయ్యేకొద్దీ ఆ తేడా ఇంకా పెరిగింది. దూరం స్త్రీ జబ్బుని తగ్గించదు కదా.

"నిర్ణయించుకోవడం" అనే క్రియ దగ్గర నేను ఆగిపోతాను. ఆ క్రియకి కర్త ఎవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లని అడుగుతారు, మీ వైద్యం సంగతి ఇంట్లో ఎవరు నిర్ణయిస్తారని. వైద్యానికి వెళ్లాలంటే మీకేది కష్టం, అనుమతా, డబ్బా, దూరమా, తోడా అని కూడా అడుగుతారు. ఇలా అడగాల్సిన పరిస్థితి ఉందని ప్రభుత్వానికి తెలుసు. గుండె జబ్బుల శాస్త్రానికి మాత్రం తెలియదు. అది ఒక మనిషి, ఒక నొప్పి, ఒక ఫోను, ఒక కారు అనుకుంటుంది. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

మగవాళ్లు మాత్రం ఆలస్యం చెయ్యరా అంటారు. చేస్తారు. మా మామయ్య "ఇంత చిన్నదానికి ఆసుపత్రేంటి" అని బీరాలు పలికి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. మగతనం కూడా గుండెకి చేటే. కానీ ఆయన్ని ఆటోలోకి నెట్టింది మా అత్తయ్య. 2011లో కెనడాలో అచ్చయిన ఒక అధ్యయనంలో పెళ్లయిన మగవాళ్లు పెళ్లికాని మగవాళ్ల కంటే సుమారు అరగంట ముందు ఆసుపత్రికి చేరారని తేలింది. పెళ్లయిన ఆడవాళ్లకి పెళ్లి వల్ల అలాంటి లాభమేదీ కనిపించలేదు. భార్య ఉంటే గుండెకి అరగంట కలిసొస్తుంది. భర్త ఉంటే ఏమీ కలిసిరాదు. వివాహ వ్యవస్థ మీద మనం ఎన్ని వ్యాసాలు రాశామో, ఇంత సూటిగా రాసినవి తక్కువ.

మన ఊహలో గుండెపోటు ఎవరికి వస్తుంది? కళ్లు మూసుకోండి. తెలుగు ప్రేక్షకులకి గుమ్మడి గారు గుర్తొస్తారు. ఖద్దరు చొక్కా, ఛాతీ మీద చెయ్యి, మెట్ల దగ్గర ఒరిగిపోవడం. కూతురు చెప్పిన మాట వినలేదు కాబట్టి వచ్చిన గుండెపోటు. ఇది సినిమాతో ఆగిందా? "మీ నాన్నకి ఏమైనా అయితే?" అన్న ఒక్క మాటతో మన ఇళ్లలో ఎన్ని కులాంతర ప్రేమలు ఆగిపోయాయి, ఎంతమంది పీహెచ్‌డీలు మానేశారు! నాన్న గుండె ఇంటి అందరి బాధ్యత. ఇంటి రాజ్యాంగం దాని మీదే నడుస్తుంది. మరి అదే సినిమాలో ఆడది కళ్లు తిరిగి పడిపోతే? డాక్టరు నాడి పట్టుకుని నవ్వుతూ బయటికొస్తాడు, స్వీట్లు పంచుతారు. మగవాడు పడిపోతే గుండె, ఆడది పడిపోతే గర్భం. తెనాలి డాక్టరు కూడా ఈ సినిమాలు చూసి పెరిగినవాడే.

భాష సంగతి ఇంకా విచిత్రం. స్త్రీ గుండె గురించి తెలుగులో ఉన్నన్ని మాటలు ఇంక దేని గురించీ ఉండవేమో. గుండె చెరువవుతుంది, తరుక్కుపోతుంది, గుభేలుమంటుంది, రాయి చేసుకోవాలి, చిక్కబట్టుకోవాలి. పెళ్లి కాని కూతురు తండ్రి గుండెల మీద కుంపటి. ఇన్ని అలంకారాల మధ్య నిజంగా గుండెలో నొప్పొచ్చినామె ఏం చెప్పాలి? "గుండె పట్టేసినట్టుంది" అంటే దిగులనుకుంటారు. "రొమ్ములో నొప్పి" అనడానికి సిగ్గు. ఛాతీ అనేది పోలీసు ఉద్యోగాలకి కొలతలిచ్చే మగవాళ్ల మాట. అందుకే అమ్మ "అదోలా ఉంది" అంది. మన ఆడవాళ్లు ఎంత పెద్ద బాధకైనా వాడే మాట అదే. నీరసంగా ఉంది, ఆయాసంగా ఉంది, పైత్యం చేసింది, వేడి చేసింది. వీటిని కొట్టిపారెయ్యడం మనకి అలవాటైపోయింది. నేను వాటిని కథల్లో చదివినప్పుడు ఇంకో తప్పు చేశాను. పాత్రకి గుండెలో బరువుగా ఉందని రచయిత్రి రాస్తే దాన్ని అణచివేతకి ప్రతీక అని అర్థం చెప్పాను. ప్రతీకే కావచ్చు. కానీ ఒక్కసారైనా, ఈమెకి ఈసీజీ తీయించాలేమో అని అనిపించలేదు. విమర్శకులకి ప్రతీకలు దొరికితే మనిషి కనిపించదు.

వైద్యశాస్త్రం దీన్ని సరిచేసిందా? 1964లో అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో గుండె జబ్బుల సంఘం స్త్రీల కోసం తొలి సదస్సు పెట్టింది. వేలమంది ఆడవాళ్లు వచ్చారు. సదస్సు పేరు "గుండెలూ భర్తలూ". భర్త గుండెని భార్య ఎలా కాపాడుకోవాలన్నది విషయం. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద ప్రయోగాలు కూడా ఆ దారిలోనే నడిచాయి. గుండెపోటు ముప్పు కారణాలని తగ్గించే ప్రయోగం 12,866 మంది మీద చేసి 1982లో ఫలితాలిచ్చారు. అందరూ పురుషులే. ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందని తేల్చిన ప్రయోగంలో 22,071 మంది డాక్టర్లు. అందరూ పురుషులే. మగ గుండె మీద నేర్చుకున్నదే "మామూలు లక్షణం" అయింది, మిగతాది "అసాధారణం". 1991లో బెర్నడైన్ హీలీ అనే హృద్రోగ నిపుణురాలు దీనికి యెంటిల్ సిండ్రోమ్ అని పేరుపెట్టింది. ఐజాక్ బషేవిస్ సింగర్ కథలో చదువుకోడానికి మగవేషం వేసుకున్న యూదు అమ్మాయి యెంటిల్. మగవాడిలాంటి జబ్బు తనకీ ఉందని నిరూపించుకున్నాకే స్త్రీకి మగవాడికి చేసే వైద్యం దొరుకుతుందని హీలీ వాదన. ఒక సాహిత్య పాత్ర వైద్యశాస్త్రంలో ఇంత పనికొచ్చిన సందర్భం ఇంకోటి నాకు తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్త్రీలకి గుండెపోటులో ఛాతీనొప్పి రాదని ఈమధ్య కొందరు ప్రచారం చేస్తున్నారు, అది తప్పు. అమెరికాలో పదకొండు లక్షలకి పైగా రోగుల రికార్డులతో 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఛాతీనొప్పి లేకుండా ఆసుపత్రికొచ్చినవాళ్లు స్త్రీలలో 42 శాతం, పురుషుల్లో 31 శాతం. అంటే సగానికి పైగా స్త్రీలకి ఆ నొప్పి ఉంటుంది. దాంతోపాటు ఆయాసం, చెమటలు, వాంతి, దవడా మెడా వీపుల్లో నొప్పి, విపరీతమైన నీరసం ఎక్కువగా ఉంటాయి. షుగరున్నవాళ్లకి నొప్పి తెలియకుండానే పోటు రావచ్చు. అమ్మకి పదేళ్లుగా షుగరుంది. అమ్మ పొత్రం బరువూ చెప్పింది, చెయ్యీ చెప్పింది, దవడా చెప్పింది. పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. కాబట్టి లక్షణాలు అసాధారణం కావడం వల్ల ఆలస్యమైందన్న వాదన మా ఇంట్లో చెల్లదు. చెప్పిన మనిషి ఆడది కావడం వల్ల ఆలస్యమైంది.

అమ్మ ఆరోగ్యం విషయంలో మా కుటుంబం ఆలస్యం చెయ్యని సందర్భం ఒకటుంది. ఆమెకి 35 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే, "క్యాన్సర్ అవుతుంది, గర్భసంచి తీసేద్దాం" అన్నారు. వారంలో తీసేశారు, అండాశయాలతో సహా. అరెకరం తాకట్టు పెట్టి మరీ చేయించారు. ఎవరూ "అదోలా" అని కొట్టిపారెయ్యలేదు. ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదని మీకు తెలుసు. 2015-16 జాతీయ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలోకెల్లా ముందున్నది మన రెండు రాష్ట్రాలే. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే గుండె జబ్బు ముప్పు పెరుగుతుందన్నది ఇప్పుడు తెలిసిన సంగతి. ఎక్కడ అవసరం లేదో అక్కడ ఆగమేఘాల మీద కోశారు. దాని వల్ల ముప్పు పెరిగిన చోట పన్నెండు గంటలు ఈనో తాగించారు.

ఈ విషయంలో మన ఉద్యమానిక్కూడా కొంత వాటా ఉందని అనుకుంటున్నాను. స్నేహితులు కోప్పడతారు, అయినా అంటాను. 1980ల్లో పటాన్‌చెరులో నెట్ ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాన్ని నిలదీసి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది స్త్రీశక్తి సంఘటన. తొంభైల మొదట్లో వచ్చిన "సవాలక్ష సందేహాలు" మా తరానికి మా శరీరాల గురించి సిగ్గుపడకుండా మాట్లాడడం నేర్పింది. ఆ పుస్తకం లేకపోతే నా సిద్ధాంత వ్యాసం లేదు. కానీ ఆ తర్వాత మనం అక్కడే ఉండిపోయాం. రాజ్యం గర్భాశయం మీద కన్నేసింది కాబట్టి మనమూ దాన్ని కాపాడుకోవడంలోనే పడిపోయాం. స్త్రీల ఆరోగ్యం అనగానే మన సదస్సుల్లో ఇప్పటికీ కుటుంబ నియంత్రణ, కాన్పు, నెలసరి. యాభై దాటిన స్త్రీ మన ఎజెండాలో లేదు. దేశంలో స్త్రీలు ఎక్కువగా చనిపోతున్నది గుండె, రక్తనాళాల జబ్బులతో. మనం రాసిన కరపత్రాలు తిరగెయ్యండి, గుండె ఎక్కడుందో చూడండి.

ఇప్పుడు అందరూ చెప్పే పరిష్కారం అవగాహన. సెప్టెంబరు చివర్లో గుండె దినం నాడు ఆసుపత్రులవాళ్లు ఆడవాళ్లని ఎర్ర చీరల్లో నడిపిస్తారు, "మీ గుండె మాట వినండి" అని బ్యానర్లు కడతారు. వినాల్సింది ఆమేనట! అవగాహన వద్దని నేననను, జండూబామ్ చెప్పినదానికి ఆ హక్కు లేదు. కానీ ఆ బ్యానరు ఎవరి ముందు కట్టాలి? 2024 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పని అసలు చేసేవాళ్ల సగటు ఇది, చెయ్యనివాళ్లు లెక్కలో లేరు. ఆ 289 నిమిషాలనీ క్రియేట్ వాళ్ల 360 నిమిషాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఐదింటికి నొప్పొచ్చినామె చేతిలో వాకిలి ఉంది, ఆరింటికి పాలు, ఏడింటికి టిఫిను, తర్వాత యాభైమందికి భోజనం. ఆ నిమిషాలు ఆమెవి కావు. తనవి కాని నిమిషాలని ఆమె ఎలా ఆలస్యం చేస్తుంది? కూలికి వెళ్లే స్త్రీకి ఇంకో లెక్క ఉంటుంది, పూట పోతే కూలి పోతుంది. ఆమె ఈ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిందో లేదో కూడా ఏ కేస్ షీటూ చెప్పదు.

డబ్బు సంగతి నాలుగు మాటల్లో చెప్తాను. ఆరోగ్యశ్రీ ఉంది, 2007 నుంచీ ఉంది, స్టెంట్ వేస్తుంది. కానీ ఆ కార్డు పట్టుకుని సరైన ఆసుపత్రి దాకా వెళ్లే మొదటి నాలుగు గంటలకి కార్డు లేదు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని చోట్ల మొదలుపెట్టిన పద్ధతి నాకు నచ్చింది. చిన్న ప్రభుత్వాసుపత్రిలోనే ఈసీజీ తీసి దూరాన ఉన్న గుండె డాక్టరుకి పంపడం, ఆయన చెప్పగానే వేల రూపాయల గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇవ్వడం. ఇది ఊరూరా రావాలి. దాంతోపాటు ప్రతి ఈసీజీ గదిలో ఒక తెర, ఒక దుప్పటి, ఏ వేళకైనా ఒక ఆడమనిషి ఉండాలి. తెర ఖరీదు రెండొందలు ఉంటుందేమో. అమ్మ గుండెలో కొంత భాగం ఆ రెండొందల కోసం పోయింది.

ఆ కేస్ షీటులో "ఆలస్యానికి కారణం" అన్న గడి ఉంది చూశారూ, దాన్ని మార్చాలి. మొదట ఎవరికి చెప్పారు, ఎన్ని గంటలకి చెప్పారు, వాళ్లేమన్నారు అని అడగాలి. ఆరెంపీ ఏ సూది వేశాడో, మొదటి ఆసుపత్రిలో ఈసీజీ ఎన్నింటికి తీశారో రాయాలి. అలా ఒక్క జిల్లాలో ఒక్క ఏడాది రాస్తే "పేషెంట్ డిలే" అనే మాట ఎంతమంది తప్పుల మీద కప్పిన దుప్పటో తెలుస్తుంది. ఈ సంగతి ఆ కుర్ర డాక్టరుతో అన్నాను. శ్రద్ధగానే విన్నాడు. "మేడం, కంప్యూటర్లో ఆ ఆప్షన్ లేదు" అన్నాడు.

అమ్మ గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. మందులతో ఇప్పుడు కాస్త మెరుగు. మేడ మెట్లెక్కలేదు. గుత్తివంకాయ పిన్ని వండుతోంది, నాన్న కాఫీ పెట్టడం నేర్చుకున్నాడు, చక్కెర ఎక్కువేస్తాడు. ఇది రాస్తున్నానని అమ్మకి చెప్పాను. "నేనూ గట్టిగా చెప్పలేదులేవే" అంది. ఆమె కూడా డాక్టరు పక్షమే. ఇంకెంత గట్టిగా చెప్పాలమ్మా, ఐదుగురికి చెప్పావు కదా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రాస్తే రాశావు గానీ మీ నాన్న పేరు రాయకు" అంది.